మంచుబండి అతుకు విడినప్పుడు

కెనడా దేశమున క్వెబెక్ రాష్ట్రములో చలికాలము వచ్చినదన్న పల్లెదారులు మంచు క్రింద మునిగిపోవును. అచ్చటి వాల్‌కూర్ గ్రామవాసి జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ మంచుపై నడచు బండికై ప్రయోగములు చేయుచుండగా, 1934 చలికాలమున ఆయన చిన్న కుమారుడు జబ్బుపడి, ఆసుపత్రికి చేర్చు దారిలేక మరణించెను. ఆయన కృషి ఫలితముగా 1959లో స్కీ-డూ అను చిన్న మంచుబండి విపణికి వచ్చినది. ఆనాటి పాతబండ్లను మరమ్మతు చేసికొని నడుపు అభిమానులు నేటికిని అచ్చట కలరు.

ఈ బండికి ముందు స్కీలు, వెనుక రబ్బరు పట్టా ఉండును. స్కీని పట్టియుంచు కాలు, పట్టాలోని బోగీ చక్రములను మోయు చట్రము ఉక్కు ముక్కలను అతికి చేసినవి. గడ్డకట్టిన మంచుగుట్టలపై బండి ఎగిరిపడినప్పుడెల్ల ఆ అతుకులు కొంచెము వంగి, మరల నిలుచును. ఒక్కమారు వంచిన విరుగని ఇనుపతీగ పదేపదే వంచిన తెగును గదా! దీనినే లోహపు అలసట అందురు. పగులు తరచుగా అతుకు ముగిసి మూలలోహము ఆరంభమగు అంచున పుట్టును. రంగుపై సన్నని తుప్పుగీత కనబడిన అనుమానింపవలెను.

ఆ గీతపై మరికొంత లోహము కరగించి పోసిన చాలునని కొందరు తలతురు. అది పుండు లోపల నుండగా పైన పట్టీ వేయుట వంటిది. లోపలి పగులు క్రొత్త అతుకును సయితము చీల్చుకొని పైకివచ్చును.

మొదట స్ప్రింగుల బిగువు వదలించి, భాగమును బండినుండి వేరుచేయవలెను. రంగును, జిడ్డును, తుప్పును పూర్తిగా తొలగింపవలెను. క్లోరిన్ కలిసిన ద్రవముతో మాత్రము కడుగరాదు. వెల్డింగు వేడికి దానినుండి ఫాస్జీన్ అను విషవాయువు పుట్టును. పిమ్మట పగుళ్లలో ఇంకు ఎఱ్ఱని ద్రవమును పూసి, కొన్ని నిమిషములకు తుడిచి, తెల్లని పొడిపూత వేసిన, దాగిన ఎఱుపు పైకి తేలి పగులు నిజమైన పొడవును చూపును. రెండు కొసలయందును చిన్న బెజ్జములు వేసిన అది ముందుకు పాకదు. తరువాత పగులును అడుగువరకు గ్రైండరుతో తొలిచి, నాగటిచాలు వంటి గాడిచేసి, తేమలేని ఎలక్ట్రోడుతో నింపవలెను. వేడికి వంకరపోకుండ భాగమును బిగించి యుంచవలెను. నీళ్లలో ముంచి చల్లార్చరాదు. అట్లు చేసిన ఉక్కు పెళుసు కావచ్చును. ఇది ఉక్కునకు చెప్పిన పద్ధతి. అయస్కాంతమునకు అంటని అల్యూమినియమునకు పద్ధతి వేరు.

ఇంతటితో పని ముగియలేదు. ఆ చోటనే ఏల పగిలినది? అరిగిన బుషింగో, విరిగిన స్ప్రింగో, వదులైన బోల్టో భారమునంతయు ఆ అతుకుపైకి నెట్టియుండవచ్చును. దానిని సరిచేయక ఎంత మందపు రేకును తాపడము చేసినను, క్రొత్త పగులు ఆ రేకు అంచున పుట్టును.

సున్నకు 30 డిగ్రీలు దిగువ చలిలో, ఊరికి దూరమున స్కీ కాలు విరిగినచో మనిషి ప్రాణమునకే ముప్పు. అందుచేత మరమ్మతైన బండిని తొలుత ఇంటి చేరువనే నడిపి, అతుకును మరల పరీక్షించి, ఆ పిమ్మటనే దూరప్రయాణమునకు బయలుదేరవలెను.