పాఠములను పంచుకొనుట - బహిరంగ లైసెన్సులు

దుబ్బాక మగ్గములపై నేయువారు నూలును పొరుగువానికి ఇచ్చినచో, తమ వద్ద ఆ నూలు ఉండదు. కాని నేతలోని ఒక మెళకువను నేర్పినచో, నేర్పినవాని వద్ద అది ఏమియు తరుగదు. పాఠము ఈ రెండవ కోవకు చెందినది. నూలుకు రంగు ఎట్లు అంటునో వివరించుచు, దుబ్బాక ఉపాధ్యాయుడొకడు బొమ్మలతో ఒక పాఠము వ్రాసినాడనుకొందము. ఆదిలాబాదు ఉపాధ్యాయిని యొకరు దానిని గోండీలోనికి అనువదించి, ఇతర పాఠశాలలకు కూడ పంచదలచినారు. ఆమెకు ఆ హక్కు ఉన్నదా?

రచయిత అనుమతి లేనిదే, లేదు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, రచన కాగితముపైకి వచ్చినంతనే దానిపై హక్కు పుట్టును. నమోదు అవసరము లేదు. పుటపై కాపీరైటు గుర్తు కూడ అవసరము లేదు. సాధారణముగా ఆ హక్కు రచయిత జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును నిలుచును. కావున ఏ షరతును వ్రాయక విడిచిన పాఠము అందరిదియే అని తలచుట సరికాదు.

ఇచ్చట మూడు విషయములు గమనింపవలెను. మొదటిది: హక్కు వాక్యములకు, బొమ్మలకే గాని శాస్త్రసత్యములకు లేదు. ఓమ్ నియమమును ఎవరి మాటలలో వారు వ్రాసికొనవచ్చును. రెండవది: బోధన సందర్భమున ఉపాధ్యాయుడును, విద్యార్థియు తీసికొను ప్రతులకు చట్టములోని 52వ సెక్షను మినహాయింపు ఇచ్చుచున్నది. 2016లో ఢిల్లీ హైకోర్టు, విశ్వవిద్యాలయపు జిరాక్సు ప్రతుల వివాదములో దీనిని విశాలముగా అన్వయించినది. అయినను, మార్చిన పాఠమును తరగతి దాటించి లోకమునకు పంచుటకు ఇది చాలదు. మూడవది: గడువు తీరిన రచనలు అందరివి. 1923లో మరణించిన కొమర్రాజు లక్ష్మణరావుగారి రచనలను నేడు ఎవరైనను ముద్రింపవచ్చును.

గడువు తీరువరకు వేచియుండక, రచయిత ముందుగానే అందరికి అనుమతి ఇచ్చు పద్ధతియే బహిరంగ లైసెన్సు. 2001లో అమెరికాలో ఏర్పడిన క్రియేటివ్ కామన్స్ సంస్థ 2002 డిసెంబరులో ఇట్టి లైసెన్సులను వెలువరించినది. వాటిలోని షరతులు నాలుగు:

1. రచయిత పేరు చెప్పవలెను.
2. మార్చి పంచినచో, అదే లైసెన్సుతో పంచవలెను.
3. వ్యాపారమునకు వాడరాదు.
4. మార్చినదానిని పంచరాదు.

మొదటి షరతు అన్నిటను కలదు. రెండవదియు, నాలుగవదియు ఒకచోట ఇమడవు. మార్చినదానిని పంచనేరాదన్నప్పుడు, దానిని ఏ లైసెన్సుతో పంచవలెనను ప్రశ్నయే లేదు. కావున రెండవది, నాలుగవది, లేక రెండును లేకపోవుట అని మూడు విధములు. ఒక్కొక్కదానికి మూడవ షరతు ఉండుట, లేకుండుట అని రెండు విధములు. 3 × 2 = 6. వాడుకలోనున్న ప్రధాన లైసెన్సులు ఈ ఆరే.

ఏ షరతు ఎన్నుకొనవలెనన్నది చిన్న విషయము కాదు. అనువాదము కూడ మార్పే. నాలుగవ షరతు పెట్టినచో మన గోండీ పాఠము వెలువడదు. 2003లో ప్రారంభమైన తెలుగు వికీపీడియాలోని వ్యాసములకు మొదటి రెండు షరతులే వర్తించును. కావున మూడవ షరతు గల పాఠమును అందులో కలుపరాదు. మన రాష్ట్ర ప్రభుత్వపు సాంఘికశాస్త్ర పాఠ్యపుస్తకములు కొన్నింటి తొలి పుటలు చూడుడు. పుస్తకముపై హక్కు పాఠశాల విద్యాశాఖ సంచాలకులది. అయినను, క్రియేటివ్ కామన్స్ లైసెన్సు గల ఛాయాచిత్రములను వాడినట్లు అచ్చటనే తెలిపినారు. ఎవరో పంచిన చిత్రము మన పిల్లల చేతికి వచ్చినది ఆ అనుమతి వలననే.

దుబ్బాక ఉపాధ్యాయుడు ఏమి చేయవలెను? ముందుగా హక్కు తనదేనా అని చూచుకొనవలెను. ఉద్యోగ విధిలో భాగముగా వ్రాసినచో, వేరు ఒప్పందము లేనప్పుడు హక్కు యజమానిది. అప్పుడు పైవారి అనుమతి కావలెను. ఇతరుల బొమ్మలున్నచో వాటిని తీసివైచి, తానే గీయుట మేలు. ఒకసారి ఇచ్చిన క్రియేటివ్ కామన్స్ అనుమతిని, షరతులను పాటించువారి నుండి వెనుకకు తీసికొనుటకు వీలు లేదు. కావున ఆలోచించి ఇవ్వవలెను. పిమ్మట తన పేరు, లైసెన్సు పేరు మొదటి పుటపై వ్రాసిన చాలును. వాడుకొను ఉపాధ్యాయిని పాఠము పేరు, రచయిత పేరు, దొరికిన చోటు, లైసెన్సు, తాను చేసిన మార్పు తెలుపవలెను.

2019 నవంబరులో యునెస్కో సభ్యదేశములు బహిరంగ విద్యావనరులపై ఒక సిఫారసును ఆమోదించినవి. కాని మన బడిలో పని సాగుటకు తీర్మానము కొరకు ఎదురుచూడ నక్కరలేదు. ఉపాధ్యాయుడు బదిలీ అయినపుడు ఆయన నోట్సు బీరువాలో మిగిలిపోవుటయా, మరి పది బడులలో మెరుగుపడుచు బ్రదుకుటయా అన్నది మొదటి పుటపై వ్రాయు ఆ ఒక్క పంక్తిపై ఆధారపడియున్నది.