సిస్టర్‌ని కాస్త ఊపిరి తీసుకోనివ్వండి

ఆ మధ్య మా అమ్మకి పిత్తాశయంలో రాళ్లకి ఆపరేషన్ అయింది. రాత్రిళ్లు తోడుగా నేనే ఉన్నాను. 22 పడకల వార్డు. రాత్రి ఒక్కతే సిస్టరు. పాతికేళ్లు కూడా ఉండవేమో.

రెండోరోజు రాత్రి అమ్మ సెలైన్ అయిపోవచ్చింది. నాకేమో కంగారు. సిస్టరు బల్ల దగ్గర మందులు సిరంజిల్లోకి తీసుకుంటోంది. "సిస్టర్! ఒకసారి రండి" అంటూ రెండుసార్లు కేకేశాను. చేస్తున్న పని వదిలేసి పరుగున వచ్చి సెలైన్ మార్చింది. కాసేపటికి సిరంజితో మళ్లీ వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఇంజెక్షన్ ఇందాకే ఇచ్చారు కదండీ!" అన్నాను. కేస్ షీట్ చూసి ఆ పిల్ల ముఖం పాలిపోయింది. అది పక్క మంచం ఆవిడకి ఇవ్వాల్సింది!

నాకు కోపం ఆగలేదు. "ప్రాణాలంటే అంత లెక్కలేదా?" అని దులిపేశాను. "తప్పే అక్కా. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీకొచ్చాను. రాత్రి రావాల్సిన అమ్మాయి రాలేదు. పొద్దున ఎనిమిదింటిదాకా నేనే" అంది నెమ్మదిగా. అంటే 18 గంటలు! అయినా నా మనసు కరగలేదు. తెల్లారగానే ఫిర్యాదు రాసిచ్చాను. ఆ తర్వాత ఆ పిల్ల మళ్లీ కనబడలేదు. ఆ రాత్రి వేరే సిస్టరు వచ్చింది. ఆవిడా ఒక్కతే. పడకలు అవే 22.

ఇంటికొచ్చాక మనసు ఊరుకోక ఈ సంగతుల గురించి చదివాను. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆస్పత్రులపై లిండా ఐకెన్ బృందం చేసిన పరిశోధన 2002లో వెలువడింది. నర్సు చూసే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగితే, ఆపరేషన్ అయినవాళ్లు నెలలోపు మరణించే అవకాశం 7 శాతం ఎక్కువగా కనిపించింది. నర్సుల్లో అలసట, ఉద్యోగం మీద అసంతృప్తి కూడా అలాగే పెరిగాయి. పన్నెండున్నర గంటలు, అంతకుమించి పనిచేస్తే పొరపాటు జరిగే అవకాశం మూడింతలని 2004లో మరో పరిశోధన తేల్చింది. మందులిచ్చేటప్పుడు మధ్యలో ఆటంకాలు ఎక్కువైనకొద్దీ పొరపాట్లూ ఎక్కువయ్యాయని 2010లో సిడ్నీ ఆస్పత్రులపై వచ్చిన పరిశోధన చెప్పింది. అది చదువుతుంటే ఆ రాత్రి వేసిన కేక నాకే మళ్లీ వినిపించింది.

కాలిఫోర్నియాలో ఒక నర్సుకు ఇంతమందే రోగులుండాలని 1999లో చట్టం చేసి, 2004 నుంచి అమలు చేస్తున్నారు. మన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలూ ఉన్నాయి. బోధనాసుపత్రుల జనరల్ వార్డులో ముగ్గురికి ఒకరు, మిగతా ఆస్పత్రుల్లో అయిదుగురికి ఒకరు నర్సు ఉండాలి. మరి ఆ వార్డులో?

నిద్ర చాలనిరోజు పప్పులో ఉప్పు రెండుసార్లు వేస్తాను నేను. మా ఇంట్లో నవ్వుకుని ఊరుకుంటారు. సిస్టరు పొరపాటు అలాంటిది కాదు, నిజమే. అందుకే ఆమెకు విశ్రాంతి ఉందా లేదా అన్నది మన మంచం మీది మనిషి క్షేమానికి సంబంధించిన విషయం కూడా.

ఆస్పత్రిలో చేర్చేముందు గదికి ఏసీ ఉందా అని అడుగుతాం. రాత్రి వార్డులో ఎంతమంది సిస్టర్లుంటారో కూడా అడుగుదాం. ప్రాణం మీదికొస్తే తప్ప, మందు తీస్తున్నప్పుడు పిలవొద్దు. పేరేమిటని మళ్లీ మళ్లీ అడిగితే విసుక్కోవద్దు, అది మన మంచికే.

ఫిర్యాదు చెయ్యొద్దనను. కానీ నేను రాసిన కాగితంలో ఆ అమ్మాయి పేరుంది గానీ, 18 గంటలన్న మాట లేదు. ఆ మాట రాయనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.