నెత్తిన సూర్యుడు, గోడకు చెమ్మ

ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు. కట్టిన ఇంటి నెత్తిన మరొక కట్టడాన్ని నిలపవలసిన రోజు వస్తుందని వారు ఊహించి ఉండరు. 2024 ఫిబ్రవరిలో ప్రారంభమైన ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కోటి ఇళ్ళ కప్పులపై సౌరఫలకాలు అమర్చాలని సంకల్పించింది. ఇందుకు నిర్ణయించిన వ్యయం 75,021 కోట్ల రూపాయలు. మూడు కిలోవాట్ల అమరికకు కేంద్రం అందించే సహాయం 78,000 రూపాయలు. మిగిలిన సొమ్మును గృహస్థు తన పొదుపు నుంచో, బ్యాంకు అప్పు నుంచో సమకూర్చుకోవాలి. కరెంటు బిల్లు తగ్గుతుందన్న ఆశ న్యాయమైనదే. అయితే తొలకరి కురిసిన నాలుగు రోజులకు పడకగది పైకప్పున పచ్చని మరక తేలితే ఆ లెక్క అంతా తారుమారవుతుంది.

రాయ్‌పూర్ నగరానికి ఉత్తరాన ఉన్న ఉర్లా పారిశ్రామికవాడ పరిసరాలు ఈ సమస్యను అర్థం చేసుకొనడానికి తగిన చోటు. ఛత్తీస్‌గఢ్ మైదానంలో మే నెల ఎండ 45 డిగ్రీలను తాకుతుంది. జూన్ నడుమ రుతుపవనాలు ప్రవేశించి, ఏటా 1,200 మిల్లీమీటర్లకు పైబడే వర్షంలో అధికభాగాన్ని నాలుగు నెలల్లోనే కుమ్మరిస్తాయి. ఇనుము, ఉక్కు కర్మాగారాల ధూళి దీనికి అదనం. 1931లో పూర్తయిన విజయనగరం–రాయ్‌పూర్ రైలుమార్గం వెంట వచ్చి ఈ ప్రాంతంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ఎండా వానా కొత్తవి కావు. కొత్తగా వచ్చినవి కప్పు మీది ఇనుప కాళ్ళు.

నీరు దారి వెతుక్కొనే తీరు

మన ఇళ్ళ శ్లాబు మందం సాధారణంగా నాలుగైదు అంగుళాలు. దానిపై ఇటుక ముక్కలను సున్నంతోనో సిమెంటుతోనో కూర్చి వాలు కడతారు. ఆ పైన నీటిని నిలువరించే పూత వేస్తారు. పూర్వం కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపిన సున్నపు గచ్చు ఈ పనే చేసేది. బరువు మోయడం శ్లాబు వంతు. వానను ఆపడం ముఖ్యంగా ఈ పై పొర వంతు. ఫలకాల చట్రాన్ని నిలిపే బోల్టు కోసం డ్రిల్లు వేసినప్పుడు మొట్టమొదట తెగేది ఈ పొరే. ఆరు కాళ్ళ చట్రానికి కాలికి నాలుగు బోల్టుల చొప్పున వేసినా ఇరవై నాలుగు బెజ్జాలు పడతాయి.

బెజ్జం చుట్టూ గుప్పెడు సిమెంటు పులిమితే సరిపోతుందని చాలామంది భావిస్తారు. కాని కాంక్రీటు ఎండకు వ్యాకోచిస్తుంది, రాత్రికి సంకోచిస్తుంది. పది మీటర్ల పొడవున్న శ్లాబు ఉష్ణోగ్రతలో 30 డిగ్రీల తేడా వస్తే దాదాపు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. ప్రతిరోజూ సాగే ఈ కదలికకు గట్టి సిమెంటు పూత లొంగదు. వెంట్రుకవాసి పగులు ఇస్తుంది. నీటికి అంత చోటు చాలు. బెజ్జం ఒక మూల ఉంటే, ఇటుక ముక్కల పొరలో పాకిన నీరు మరెక్కడో చుక్కలుగా రాలుతుంది. మరక ఉన్నచోటనే మరమ్మతు చేయించి, మరుసటి వర్షానికి మళ్ళీ తల పట్టుకొనే గృహస్థు కథకు కారణం ఇదే.

అసలు నష్టం మరక కాదు. లోనికి చేరిన నీరు శ్లాబులోని ఇనుప ఊచలను తాకితే అవి తుప్పు పడతాయి. తుప్పు ఇనుము కన్నా రెండు మొదలు ఆరు రెట్ల చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి శ్లాబు అడుగున కాంక్రీటు పెచ్చులుగా ఊడిపడుతుంది. గోటితో పోవలసినది గొడ్డలి దాకా వచ్చేది ఇక్కడే.

కంటికి కనిపించని మరికొన్ని కారణాలు

మూడు కిలోవాట్ల ఫలకాల వైశాల్యం సుమారు 15 చదరపు మీటర్లు. 1,200 మిల్లీమీటర్ల వర్షపాతంలో వాటిపై పడే నీరు ఏడాదికి 18,000 లీటర్లు. ఇంతకుముందు కప్పంతటా సమంగా పడిన ఈ నీరు ఇప్పుడు ఫలకాల దిగువ అంచు నుంచి ఒకే గీతపై ధారగా పడుతుంది. ఆ గీత వెంబడి పాత పూత ముందుగా అరిగిపోతుంది. ఉర్లా వంటి చోట ధూళిని తొలగించడానికి ఫలకాలను తరచుగా కడగాలి. ఆ నీరూ అక్కడికే చేరుతుంది. ఆ మట్టి తూమును మూసివేస్తుంది.

బెజ్జాలు లేకుండా కాంక్రీటు దిమ్మెల బరువుతోనే చట్రాన్ని నిలిపే పద్ధతి ఉంది. అయితే గాలి ఫలకాన్ని పైకి లేపగలదని మరువరాదు. కట్టడాల రూపకల్పనకు భారతీయ ప్రమాణాలు నిర్దేశించిన మూల గాలివేగం రాయ్‌పూర్‌కు సెకనుకు 39 మీటర్లు, అంటే గంటకు 140 కిలోమీటర్లు. విశాఖపట్నానికి 50 మీటర్లు, అంటే 180 కిలోమీటర్లు. కనుక రాయ్‌పూర్‌లో చాలిన దిమ్మె విశాఖలో చాలకపోవచ్చు. దిమ్మెల బరువును శ్లాబు మోయగలదా అన్నది ఇంజనీరు తేల్చాలి. దిమ్మెలు వాలుకు అడ్డుపడి నీటిని నిలబెట్టకూడదు కూడా.

రేకుల ఇళ్ళలో నియమం వేరు. మరను ముడత పైభాగాన బిగించి, రబ్బరు వాషరు వేయాలి. నీరు పారే పల్లంలో బిగిస్తే కారక మానదు. ఆస్బెస్టాస్ రేకులకు డ్రిల్లు వేయనే రాదు. అవి పెళుసు, వాటి ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం.

అమర్చే ముందు

ఇంతమాత్రాన సౌరఫలకం కప్పుకు శత్రువని తలచనక్కరలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియెగో శాఖ పరిశోధకులు 2011లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, ఫలకాల నీడ వలన కప్పును చేరే వేడి 38 శాతం తగ్గింది. మండు వేసవిలో ఆ నీడ ఇంటివారికి చల్లదనం, కింది పూతకు రక్షణ. చిక్కంతా వయస్సులోని తేడాలో ఉన్నది. ఫలకం ఆయుర్దాయం 25 సంవత్సరాలు. సాధారణ రసాయనిక పూతలది ఐదు నుంచి పది. పాత పూతపై కొత్త ఫలకాలు నిలిపితే, నడుమ ఎప్పుడో వాటన్నింటినీ విప్పి కప్పు బాగుచేయించవలసి వస్తుంది.

కనుక తొలుత కప్పును పరీక్షించాలి. తూములు మూసి, శ్లాబు బలాన్ని మేస్త్రీ చేతనో ఇంజనీరు చేతనో నిర్ధారించుకొని, అంగుళం లోతు నీటిని 24 గంటలు నిలిపితే లోపాలు బయటపడతాయి. పూత పాతదైతే ముందే కొత్తది వేయించాలి. బోల్టులు తప్పనిసరైతే అవి పై పొరలో ఆగక శ్లాబును పట్టుకోవాలి. బెజ్జాన్ని ఊది శుభ్రపరచి రసాయనిక బంధకంతో నింపాలి. కాలి చుట్టూ సాగే గుణంగల పూతను దిమ్మెపై వరకు ఎక్కించాలి. కరెంటు తీగలను శ్లాబు గుండా కాక, పిట్టగోడ మీదుగా వెలుపలి గోడ వెంట దింపాలి.

ఒప్పంద పత్రాన్ని సైతం అంతే శ్రద్ధగా చదవాలి. పథకం కింద ఫలకాలు అమర్చినవారు ఐదేళ్ళపాటు నిర్వహణ చూడాలి. కాని కప్పు కారితే బాధ్యత ఎవరిదన్న సంగతి విడిగా వ్రాయించుకోకపోతే, అమర్చినవాడు మేస్త్రీని, మేస్త్రీ అమర్చినవాడిని చూపుతారు. ఒక్క వాక్యం వ్రాయించుకోవడం, అమరికకు ముందూ తరువాతా కప్పు ఛాయాచిత్రాలు తీసి ఉంచుకోవడం ఖర్చులేని పనులు.

ఇప్పటికే కారుతున్న ఇంట తొందరపడి ఫలకాలను స్వయంగా విప్పరాదు. మెయిన్ ఆపినా, పగటి వెలుగు ఉన్నంతసేపూ వాటిలో విద్యుత్తు పుడుతూనే ఉంటుంది. వరుసగా కలిపిన ఫలకాల తీగలలో అది 200 వోల్టులు దాటవచ్చు. తడిసిన గోడలో తీగలుంటే ఆ గది కరెంటు ఆపించి, అర్హతగల పనివాణ్ణి పిలవాలి.

ఈ పనులన్నింటికీ అనువైన కాలం వేసవి. రోహిణి కార్తెలో రైతు దుక్కి సిద్ధం చేసుకొన్నట్లే, గృహస్థు తన కప్పును మృగశిరకు ముందే సిద్ధం చేసుకోవాలి. గట్టి కప్పు మీద నిలిచిన ఫలకం ఇచ్చే కరెంటే ఆ ఇంటికి నిజమైన ఆదా.