ఆస్పత్రిలో భయం పోవాలి, కనికరం రావాలి

అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల్లోని మన సంఘాల్లో ఆస్పత్రుల్లో పనిచేసే బిడ్డలు చాలామంది ఉన్నారు. ఆదివారం మన పక్కన కూర్చుని ఆరాధించే సిస్టరమ్మ సోమవారం వార్డులోకి ఎన్నో భయాలతో అడుగుపెడుతుంది. పెద్ద డాక్టరుగారు అందరి ముందు కేకలు వేస్తారేమో, మెమో ఇస్తారేమో, రోగి బంధువులు మీద పడతారేమో అని.

భయం పనిని బాగుచేస్తుందని కొందరు అనుకుంటారు. నిజానికి అది తప్పును దాచిపెడుతుంది. రాత్రి డ్యూటీలో ఒకరి ఇంజెక్షన్ పొరపాటున మరొకరికి ఇచ్చారనుకోండి. వెంటనే చెబితే రోగిని కాపాడుకోవచ్చు. భయపడి ఊరుకుంటే ఆ నష్టం రోగిదే.

1990లలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు అమెరికా ఆస్పత్రుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి నాయకత్వం ఉన్న వార్డుల్లోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి! అక్కడివారు ఎక్కువ తప్పులు చేశారని కాదు, దాచకుండా చెప్పగలిగారని ఆమె గ్రహించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 సెప్టెంబరు 17న జరిపిన రోగి భద్రతా దినానికి ఆరోగ్య సిబ్బంది భద్రతనే అంశంగా ఎంచుకుంది.

కనికరమంటే తప్పును చూసీచూడనట్టు వదిలేయడమా? కాదు. యోహాను సువార్త 21వ అధ్యాయం చూడండి. తనను ఎరుగనన్న పేతురును ప్రభువు అవమానపరచలేదు. అలాగని ఆ సంగతి దాటవేయనూ లేదు. మూడుసార్లు అడిగాడు, మళ్ళీ పని అప్పగించాడు. సరిదిద్దే పద్ధతి అదే.

కాబట్టి డాక్టర్లుగా, హెడ్ నర్సులుగా ఉన్న విశ్వాసులు, తప్పు జరిగినప్పుడు "ఎవరు చేశారు?" అనే ముందు "ఏం జరిగింది?" అని అడగండి. మందలించాల్సి వస్తే పక్కకు పిలిచి మందలించండి. ఆయాను, స్వీపరును కూడా గౌరవంగా పిలవండి.

ఇక మనం. వైద్య సిబ్బందిపై దాడులను అరికట్టడానికి మన రాష్ట్రంలో 2008లోనే చట్టం చేశారు. దాడి చేసినవారిని చట్టం శిక్షించగలదు గాని, మన నోటి మాటను మనమే అదుపు చేసుకోవాలి. మనవాళ్ళు మంచాన ఉన్నప్పుడు కోపం వచ్చినా, ఎదురుగా ఉన్నది నిద్రలేని మరొకరి కూతురని జ్ఞాపకం చేసుకుందాం.

ఈ ఆదివారం మీ సంఘంలోని ఆస్పత్రి ఉద్యోగులను పేరుపేరున ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. "అమ్మా, డ్యూటీ ఎలా ఉంది?" అని అడిగి, వారు చెప్పేది నిదానంగా వినండి.