పంట రవాణా పికప్ వాహనాలకు కొత్త టైర్ల ఎంపికలో మెళకువలు

ఆరుగాలం శ్రమించి పండించిన పంటకు ధర పలికేది మార్కెట్ యార్డులోనే అయినా, ఆ పంట ఏ సమయానికి, ఏ స్థితిలో యార్డుకు చేరిందన్నది రవాణాపైనే ఆధారపడి ఉంటుంది. మదనపల్లె టమాట మార్కెట్టుకు, హైదరాబాదులోని బోయినపల్లి కూరగాయల మార్కెట్టుకు, నూజివీడు ప్రాంతంలోని మామిడి తోటలకు నిత్యం రాకపోకలు సాగించే వాహనాలలో చిన్న పికప్ వాహనాలే అధికం. పలువురు రైతులు సొంతంగానో, ఇద్దరు ముగ్గురు కలిసో వీటిని కొనుగోలు చేసి నడుపుకుంటున్నారు. ఇంజను మరమ్మతుపై చూపే శ్రద్ధ టైర్ల విషయంలో చాలామంది చూపరు. పాత టైరు పగిలినప్పుడు దారిలో దొరికిన టైరు వేయించుకొని సాగిపోతారు. నిండు బరువుతో వెళ్తున్న వాహనానికి వెనుక టైరు పగిలితే సరుకు నష్టంతో ఆగదు, ప్రాణాపాయం కూడా సంభవించవచ్చు. కాబట్టి టైర్ల మార్పిడి విషయంలో కొన్ని శాస్త్రీయ అంశాలను రైతులు తెలుసుకోవడం అవసరం.

మార్చవలసిన సమయం:

టైరు గాడుల అడుగున అక్కడక్కడ చిన్న రబ్బరు దిమ్మెలు ఉంటాయి. ఇవి అరుగుదల సూచికలు. వీటి ఎత్తు 1.6 మి.మీ. టైరు పైభాగం అరిగి ఈ దిమ్మెలతో సమానమైనదంటే దాని ఆయుష్షు తీరినట్లే. నాలుగు చక్రాల వాహనాలకు గాడి లోతు 1.6 మి.మీ. కంటే తగ్గరాదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు కూడా చెబుతున్నాయి. అయితే తడి రోడ్డుపై నీటిని పక్కకు నెట్టవలసినవి ఈ గాడులే కనుక, లోతు 3 మి.మీ.కు చేరినప్పుడే, వానాకాలానికి ముందుగా టైర్లను మార్చుకోవడం మేలు. పక్కగోడపై ఉబ్బు, లోపలి దారాలు కనిపించేంత కోత, సన్నని పగుళ్లు ఉంటే గాడి లోతు ఎంత మిగిలినా ఆ టైరును వాడరాదు.

అరుగుదల తీరును బట్టి కారణం:

పాత టైరును విప్పిన వెంటనే పారవేయక, అది అరిగిన తీరును పరిశీలించాలి. రెండు అంచులూ అరిగి నడుమ భాగం మిగిలితే గాలి తక్కువగా ఉంచి నడిపినట్లు. నడుమ భాగమే అరిగితే గాలి ఎక్కువైనట్లు. ఒకే అంచు అరిగితే చక్రాల అమరిక తప్పినట్లు. గుంటలు గుంటలుగా అరిగితే షాక్ అబ్సార్బర్లు బలహీనపడడమో, వీల్ బ్యాలెన్సింగ్ లోపమో కారణం కావచ్చు. ఈ లోపాన్ని సరిచేయకుండా కొత్త టైరు వేయిస్తే, అది కూడా పాత టైరు దారినే పోతుంది.

పక్కగోడపై ఉండే అంకెలు:

టైరు పక్కగోడపై 195/80 ఆర్ 15 అని ఉంటే, 195 అనేది మిల్లీమీటర్లలో టైరు వెడల్పు. 80 అనేది వెడల్పులో పక్కగోడ ఎత్తు ఎంత శాతమో తెలుపుతుంది. ఆర్ అనే అక్షరం రేడియల్ నిర్మాణానికి, 15 అనేది అంగుళాలలో రిమ్ము వ్యాసానికి గుర్తు. ఎల్.టి. అనే అక్షరాలు తేలికపాటి సరుకు రవాణా వాహనాల టైరును సూచిస్తాయి. రిమ్ముకు సరిపోయినంత మాత్రాన కారు టైరును పికప్ వాహనానికి వేయరాదు.

కొందరు చూపు కోసం పెద్ద టైర్లను ఎంచుకుంటారు. 195/80 ఆర్ 15 టైరు మొత్తం వ్యాసం సుమారు 693 మి.మీ., 215/75 ఆర్ 15 టైరు వ్యాసం సుమారు 703 మి.మీ. రిమ్ము ఒకటే అయినా ఎత్తు, వెడల్పు రెండూ మారుతున్నాయి. పెద్ద టైరు వేస్తే స్పీడోమీటరు అసలు వేగం కంటే తక్కువ చూపుతుంది. స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. కాబట్టి వాహనంతో వచ్చిన పుస్తకంలో సూచించిన కొలతలకే కట్టుబడి ఉండాలి.

బరువు లెక్క:

కొలత తరువాత 106/104 ఎన్ వంటి గుర్తు ఉంటుంది. ఇందులో మొదటి అంకె, ఇరుసుకు ఒక్కో వైపు ఒకే టైరు ఉన్నప్పుడు ఆ టైరు మోయగల బరువును, రెండవ అంకె జంట టైర్లుగా వాడినప్పుడు ఒక్కొక్కటి మోయగల బరువును తెలుపుతాయి. 100 అంటే 800 కిలోలు, 104 అంటే 900 కిలోలు, 106 అంటే 950 కిలోలు, 108 అంటే 1,000 కిలోలు. చివరి అక్షరం గరిష్ఠ వేగానికి గుర్తు. ఎన్ అంటే గంటకు 140 కి.మీ.

ఉదాహరణకు, సరుకు నింపిన తరువాత వేబ్రిడ్జిపై వెనుక చక్రాలను మాత్రమే నిలిపి తూచినప్పుడు 1,900 కిలోలు వచ్చిందనుకుందాం. అప్పుడు ఒక్కో వెనుక టైరుపై 950 కిలోలు పడుతుంది. 106 గుర్తు గల టైరుకు అదే హద్దు. ఆ పైన మరో 10 టమాట పెట్టెలు, ఒక్కొక్కటి పెట్టె బరువుతో కలిపి 27 కిలోల చొప్పున ఎక్కిస్తే, 270 కిలోలు అదనమవుతాయి. సరుకు తొట్టి వెనుక ఇరుసు మీదుగానే ఉంటుంది కనుక ఈ భారంలో అధిక భాగం వెనుక టైర్లపైనే పడుతుంది. ఒక్కో టైరు తన హద్దును దాదాపు 100 కిలోలకు పైగా మించిపోతుంది.

ఎక్కువ బరువు మోసే టైరు వేయించినంత మాత్రాన వాహనంపై ఎక్కువ సరుకు వేయవచ్చునని భావించరాదు. స్ప్రింగులు, బ్రేకులు, ఇరుసు మునుపటివే. రిజిస్ట్రేషన్ పత్రంలోని మొత్తం బరువే చివరి హద్దు. మోటారు వాహనాల చట్టం 194వ సెక్షను ప్రకారం అధిక బరువుకు రూ. 20,000, అదనపు ప్రతి టన్నుకు మరో రూ. 2,000 జరిమానా ఉంటుంది. అదనపు సరుకును దింపే వరకు వాహనాన్ని కదలనివ్వరు.

టైరు రకం:

రేడియల్ టైర్లు రోడ్డుపై తక్కువగా వేడెక్కుతాయి, ఎక్కువ దూరం నడుస్తాయి, ఇంధనం ఆదా చేస్తాయి. నైలాన్ క్రాస్ ప్లై టైర్ల పక్కగోడలు గట్టిగా ఉండి రాళ్ల దారులలో కోతలను తట్టుకుంటాయి. ఒకే ఇరుసుపై ఈ రెండు రకాలను కలిపి వాడరాదు. గాడుల నమూనా దారిని బట్టి ఉండాలి. తారు రోడ్డుపైనే ఎక్కువ దూరం నడిచే వాహనానికి నిలువు గాడుల టైర్లు అనువైనవి. తోటల్లోకి, బురద దారుల్లోకి తరచుగా వెళ్లే వాహనానికి వెనుక వైపు దిమ్మెలు, గాడులు కలిసిన మిశ్రమ నమూనా టైర్లు మేలు. ట్యూబు టైరు అయితే కొత్త టైరుతో పాటు కొత్త ట్యూబు కూడా వేయించాలి. సాగిపోయిన పాత ట్యూబు మడతపడి చిట్లిపోతుంది.

కొనుగోలులో జాగ్రత్తలు:

• ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పక చూడాలి. సరుకు వాహనాల టైర్లకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 15636.
• పక్కగోడపై నాలుగంకెల తయారీ గుర్తును పరిశీలించాలి. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైనట్లు.
• పగుళ్లను నల్లరంగుతో కప్పి అమ్మే వాడిన టైర్లను కొనరాదు.
• రీట్రెడ్ టైర్లను ముందు చక్రాలకు వాడరాదు.
• బిల్లు, వారంటీ పత్రం తీసుకొని భద్రపరచాలి.

అమర్చడం, నిర్వహణ:

రెండు టైర్లనే మార్చగలిగితే కొత్తవాటిని వెనుక ఇరుసుకు వేయించాలి. తడి రోడ్డుపై ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి అదుపు చేయవచ్చు. వెనుక చక్రాలు జారితే వాహనం గిర్రున తిరిగి అదుపు తప్పుతుంది. నట్లను వరుసగా కాక ఎదురెదురుగా బిగించాలి. 50 నుంచి 100 కి.మీ. నడిచిన తరువాత మరల బిగింపు చూడాలి. స్టెప్నీ కూడా అదే కొలత, అదే బరువు సామర్థ్యం కలిగి ఉండాలి.

గాలిని వారానికొకసారి, ఉదయం బయలుదేరక మునుపు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. నడిచి వేడెక్కిన టైరులో పీడనం పెరగడం సహజం. అప్పుడు గాలి తీసివేయరాదు. తక్కువ గాలితో నిండు బరువు మోస్తే పక్కగోడ పదేపదే మడతపడి లోపల వేడి పెరుగుతుంది, పొరలు విడిపోతాయి. వేసవి మధ్యాహ్నాలలో టైర్లు పగలడానికి ఇది ముఖ్య కారణం. అవసరానికి మించిన గాలి ఉంటే కుదుపులు నేరుగా సరుకుకు చేరి, పై వరుస పెట్టెలలోని టమాటలు, మామిడి పండ్లు కమిలిపోతాయి. కాబట్టి వాహన పుస్తకంలో ఖాళీ బరువుకు, నిండు బరువుకు వేర్వేరుగా సూచించిన పీడనాన్ని పాటించాలి. డీజిలు, నూనె, పురుగు మందులు రబ్బరును దెబ్బతీస్తాయి కనుక, అవి తగిలితే టైరును వెంటనే నీటితో కడగాలి. విడి టైర్లను నీడపట్టున భద్రపరచాలి.

ధర విషయానికి వస్తే, రూ. 6,500 పెట్టి కొన్న టైరు 50,000 కి.మీ. నడిస్తే కిలోమీటరుకు 13 పైసలు పడుతుంది. రూ. 4,500 టైరు 30,000 కి.మీ.కే అరిగిపోతే కిలోమీటరుకు 15 పైసలు. కొనేటప్పటి ధరను కాక, నడిచే దూరాన్ని బట్టి లెక్క వేసుకోవాలి. ఇందుకోసం టైరు వేయించిన తేదీని, ఆనాటి మీటరు అంకెను ఒక పుస్తకంలో రాసి ఉంచుకుంటే, తమ దారులకు, తమ బరువుకు ఏ టైరు సరిపడుతుందో రైతులకు స్వానుభవంతోనే తేలుతుంది. ఈ మెళకువలు పాటించినట్లయితే రవాణా ఖర్చు తగ్గడమే కాక, పంట చెడకుండా, వాహనం నడిపేవారు క్షేమంగా ఇంటికి చేరడానికి వీలవుతుంది.