బోరుకూ బోరుకూ నడుమ బొగ్గు

గోదావరి లోయలోని బొగ్గు అంతా ఒక్క తీరున లేదు. ఒకే పొరలో ఒకచోటి బొగ్గు చక్కగా మండి కొద్ది బూడిదనే మిగిలిస్తుంది. కొంత దూరము పోతే అదే పొర గంపలకొద్దీ బూడిద మిగిలించవచ్చును. 25 కోట్ల సంవత్సరములకు పూర్వమే, చెట్టుచేమలు బురదలో కుళ్ళి బొగ్గుగా మారనున్న కాలములో, వరదలు తెచ్చిన మట్టి అన్నిచోట్లా సమముగా పడలేదు గదా!

ఇల్లందు వద్ద బొగ్గు ఉన్నదని విలియం కింగ్ 1871లో గుర్తించాడు. 1889లో తవ్వకము మొదలైనది. బొగ్గు ఉన్నదా అన్నది మొదటి ప్రశ్న మాత్రమే. ఎట్టి బొగ్గు అన్నది రెండవది. విద్యుత్కేంద్రములోని బాయిలరును ఫలానా రకము బొగ్గుకని నిర్మిస్తారు. ధర కూడా తరగతిని బట్టియే. అయితే బోర్లు ఖర్చుతో కూడిన పని. భూమినంతా చిల్లులు పొడవలేము. కనుక బోర్ల నడుమ చోటును అంచనా కట్టవలసినదే. పూర్వము ఇందుకు పటము మీద పెన్సిలుతో సమరేఖలు గీసేవారు. ఇప్పుడు కంప్యూటరు గీస్తుంది.

అది చేసే పనిని ఒక చిన్న లెక్కతో చూతము. క, ఖ, గ అని మూడు బోర్లు ఉన్నవనుకొందాము. వాటి బొగ్గులో బూడిద, తేమల మొత్తము వరుసగా 30, 42, 36 శాతము. మనకు కావలసిన చోటు ‘క’కు అర కిలోమీటరు, తక్కిన రెండింటికీ ఒక్కొక్క కిలోమీటరు దూరము. ఊరకే సగటు తీస్తే 36 వస్తుంది. కాని దగ్గరి బోరు మాటకు ఎక్కువ విలువ ఇవ్వవద్దా? దూరపు వర్గమునకు విలోమముగా తూకము ఇస్తే ‘క’కు 4, తక్కిన వాటికి ఒక్కొక్కటి. అప్పుడు 198ని 6తో భాగించగా 33.

మూడు శాతమే గదా అనరాదు. 2011 చివరి వరకు మన దేశములో వాడిన సూత్రము ప్రకారము, ఈ శాతమును 138తో హెచ్చించి 8900 నుండి తీసివేస్తే కిలోకు ఉపయోగపడే వేడి కిలోకేలరీలలో వస్తుంది. 33కు 4346; 36కు 3932. డి తరగతికి హద్దు 4200. మొదటిది డి, రెండవది ఇ! (2012 నుండి మొత్తము ఉష్ణవిలువను బట్టి జి1 మొదలు జి17 వరకు తరగతులు ఏర్పరచారు.)

ఇక్కడనే ఒక చిక్కున్నది. గోదావరి లోయలో పొరలు భ్రంశముల వద్ద తెగి, ఒక ప్రక్క క్రిందికి జారి ఉంటాయి. ‘క’ బోరు భ్రంశమునకు అవతల ఉండి, అదే లోతున తగిలినది వేరొక పొర అయితే? దాని మాట ఇక్కడ చెల్లదు. అప్పుడు మిగిలిన రెండింటి సగటు 39, వేడి 3518. కంప్యూటరు మాత్రము భ్రంశమును ఎరుగదు. చెప్పకపోతే రంగులను దాని మీదుగానే నున్నగా పులిమి పెడుతుంది. పటము ఎంత అందముగా ఉంటే అంత అనుమానించుట మంచిది.

దక్షిణాఫ్రికా బంగారు గనులలో పనిచేసిన డానీ క్రిగ్ 1951లో ప్రకటించిన పరిశోధన నుండి పుట్టిన పద్ధతి ఇంకొకటి కలదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి మాతెరాన్ దానికి గణిత సిద్ధాంతము కల్పించాడు. అది ప్రతి చోటునా అంచనాతో పాటు, ఆ అంచనా ఎంత తప్పవచ్చునో కూడా చెబుతుంది. కాబట్టి పటములు రెండు వస్తాయి. తప్పు ఎక్కువగా చూపిన చోట తరువాతి బోరు వేస్తారు.