మీకు తెలుసా? మార్ట్ చవక, కొట్టు అరువు

ఒంగోలు మార్ట్‌కు వెళ్లి నెల సరుకులు తెచ్చుకున్నవాళ్లు మార్కాపురం, కంభం, గిద్దలూరుల్లో ఇప్పుడు చాలామందే కనిపిస్తారు. నూనె మీద ఇంత తగ్గింది, సబ్బుల మీద అంత తగ్గింది అని బిల్లు తీసి చూపిస్తారు. తగ్గిన మాట నిజమే. ఆ తగ్గింపు ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి మిగిలింది, ఎవరి మీద పడింది? ఈసారి సంగతులన్నీ దాని గురించే.

వాల్‌మార్ట్ లాంటి విదేశీ కంపెనీ మార్కాపురంలో చిల్లర దుకాణం పెట్టకుండా ఒక నిబంధన అడ్డుపడిందని మీకు తెలుసా?

2012 సెప్టెంబరులో కేంద్రం చిల్లర వ్యాపారంలోకి 51 శాతం వరకు విదేశీ పెట్టుబడిని అనుమతించింది. దేశమంతా పెద్ద గొడవ జరిగింది. రాష్ట్రం ఒప్పుకోవాలి, జనాభా 10 లక్షలు దాటిన నగరం అయి ఉండాలి అని షరతులు పెట్టారు. ఒప్పుకున్న రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ గీత దాటినవి మనకు హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ. మార్కాపురం జనాభా అప్పటికి 71 వేలు.

ఇంకో షరతు కూడా ఉంది. తయారీ సరుకుల్లో 30 శాతం దేశంలోని చిన్న పరిశ్రమల దగ్గర కొనాలి. ఇది చాలా మంచి షరతని నా అభిప్రాయం. కానీ ఇవన్నీ విదేశీ కంపెనీలకే. స్వదేశీ కంపెనీ ఎంత పెద్దదైనా, ఎంత చిన్న ఊళ్లోనైనా మార్ట్ తెరవచ్చు, సరుకు ఎక్కడ కావాలంటే అక్కడ కొనవచ్చు. విదేశీ గొలుసు దుకాణాలు వస్తాయని అప్పట్లో అంత భయపడ్డాం. చిన్న ఊళ్ల దాకా వచ్చినవి మాత్రం మన దేశపు గొలుసులే.

ఈ గొలుసు దుకాణాల కథలో హైదరాబాద్‌కు ముందు వరుసలో చోటుందని తెలుసా?

రిలయన్స్ ఫ్రెష్ తొలి దుకాణాలు తెరుచుకున్నది 2006 నవంబరులో, హైదరాబాద్‌లోనే. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన త్రినేత్ర సూపర్ మార్కెట్లను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొనుక్కుంది. తర్వాత అవే ‘మోర్’ అయ్యాయి.

మార్ట్‌లో ధర ఎలా తగ్గుతుంది?

డీమార్ట్‌ను చూస్తే తెలుస్తుంది. రాధాకిషన్ దమానీ 2002లో ముంబైలోని పవాయ్‌లో తొలి దుకాణం పెట్టారు. 2025 మార్చి నాటికి అవి 415 అయ్యాయి. చాలా చోట్ల స్థలం సొంతం, లేదంటే దీర్ఘకాలం లీజు. అద్దెలు పెరిగి నడ్డి విరిగే బాధ లేదు. పెట్టేది కొద్ది రకాలే, అవీ త్వరగా అమ్ముడుపోయేవి. అన్నిటికన్నా పెద్ద కిటుకు చెల్లింపులో ఉంది. సరుకు దిగిన వారం పది రోజుల్లో కంపెనీలకు డబ్బు కట్టేస్తారు. వెంటనే డబ్బు చేతికొస్తుందంటే ఏ కంపెనీ అయినా రేటు తగ్గిస్తుంది. ఆ తగ్గింపులో కొంత కొనేవాడికి వదులుతారు.

గిద్దలూరు బజారులో కిరాణా కొట్టాయనకు ఈ వెసులుబాట్లలో ఒక్కటీ లేదు. డిస్ట్రిబ్యూటర్ ఆటోలో తెచ్చిన సరుకు తీసుకుంటారు. డిస్ట్రిబ్యూటర్ వాటా పోగా తనకు మిగిలేది కొద్దిపాటి మార్జిన్. కొన్ని సరుకుల్లో ఆయన కొన్న ధర కన్నా పెద్ద గొలుసు దుకాణాలు అమ్మే ధరే తక్కువగా ఉంటోంది. 2021 చివర్లో దేశంలోని డిస్ట్రిబ్యూటర్ల సంఘం ఇదే విషయం మీద గట్టిగా పోరాడింది. రిలయన్స్ వాళ్ల జియోమార్ట్‌కు ఒక రేటు, మాకో రేటా అని నిలదీసింది. మహారాష్ట్రలో కొన్ని కంపెనీల సరుకు ఎత్తబోమని హెచ్చరించింది. కిరాణా వ్యాపారి దోచుకుంటున్నాడు కాబట్టే మార్ట్ చవక అని అనేసేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

ఎంఆర్‌పీ ప్రభుత్వం పెట్టే ధర కాదని తెలుసా?

ప్యాకెట్ మీద గరిష్ఠ ధర వేసుకునేది కంపెనీయే. దాన్ని మించి అమ్మితే నేరం, తగ్గించి అమ్మితే ఎవరూ అడగరు. అందుకే ‘ఎంఆర్‌పీ మీద 40 శాతం తగ్గింపు’ అన్న బోర్డు చూసి సంబరపడకండి, ఆ ఎంఆర్‌పీ ఎంత ఎత్తున పెట్టారో ముందు చూడండి. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా ముద్రించాలన్న నిబంధన ఉంది. చిన్న అక్షరాల్లో ఉంటుంది కానీ అసలు ధర అదే.

కిరాణా కొట్లు మూతపడతాయా? 2008లోనే లెక్క తీశారు.

కేంద్ర ప్రభుత్వం అడిగితే ఢిల్లీలోని ఇక్రియర్ పరిశోధన సంస్థ దేశవ్యాప్తంగా అధ్యయనం చేసింది. పెద్ద దుకాణం వచ్చిన చోట చుట్టుపక్కల చిన్న కొట్ల అమ్మకాలు, లాభాలు మొదట్లో పడిపోయాయి. ఆ దెబ్బ రానురాను తగ్గింది. చిన్న కొట్లు ఏడాదికి 4.2 శాతం మూతపడుతుంటే, అందులో పెద్ద దుకాణాల పోటీ వల్ల మూతపడ్డవి 1.7 శాతం. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు పెద్ద దుకాణాల్లో ఎక్కువ ఆదా అవుతోందని కూడా ఆ నివేదిక చెప్పింది. దీన్ని దాచి మాట్లాడటం న్యాయం కాదు. అయితే అది చూసినవి ముఖ్యంగా నగరాలు. వాన మీద, వలస మీద బతికే మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు పరిస్థితి వేరు.

మీ నగదుతోనే పక్కవాళ్లకు అరువు పుడుతోందని తెలుసా?

ఈ వారం నేను మీకు ముఖ్యంగా చెప్పాలనుకున్నది ఇదే.

ఇక్కడ నేల ఎక్కువగా మెట్ట. ఇక్కడికి సాగునీళ్లు తేవాల్సిన వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. నల్లమల కొండ తొలిచిన రెండు సొరంగాలను 2024 మార్చిలో జాతికి అంకితం చేశారు. ఇన్నేళ్లూ పొలాలు వానకోసం చూస్తూనే ఉన్నాయి. కంది వేసిన రైతుకు డబ్బు కోత అయ్యాకే, ఏడాదికోసారి. కూలికి వెళ్లినవాళ్లకు పని దొరికిన రోజునే. ఉపాధి హామీ డబ్బు ఎప్పుడు పడుతుందో తెలియదు. మిరపకోతలకు గుంటూరు వైపు వెళ్లినవాళ్లు తిరిగొచ్చేదాకా ఇంట్లో ముసలివాళ్లకు, పిల్లలకు పొయ్యి వెలగాలి. అన్ని రోజులూ ఆ ఇల్లు గడిచేది కిరాణా కొట్టు ఖాతా మీదే.

‘అప్పు రేపు’ అని గోడ మీద రాసి ఉంటుంది. గల్లాపెట్టె పక్కన దారంతో కట్టిన బాల్‌పెన్నూ, పొడవాటి ఖాతా పుస్తకమూ ఉంటాయి. పేజీ పైన పేరుండదు, ‘తర్లుపాడు మేస్త్రీ’, ‘టైలరు వాళ్ల కోడలు’ అని గుర్తు ఉంటుంది. కింద వరసగా నూనె అర లీటరు, చింతపండు పావు, కందిపప్పు అర, బీడీ కట్ట. బాకీ తీరినప్పుడు పేజీకి అడ్డంగా ఒక గీత. హామీ పత్రం లేదు, ఆధార్ జిరాక్సు లేదు.

అరువు ఊరికే రాదు. ఖాతా సరుకు మీద రూపాయో రెండో ఎక్కువ వేస్తారు. తూకంలో కక్కుర్తి పడే కొట్లూ ఉన్నాయి. గడువు తీరిన బిస్కెట్ ప్యాకెట్ అంటగట్టేవాళ్లూ ఉన్నారు. ఆ విషయంలో మార్ట్ బిల్లు, మార్ట్ తూకం మేలే. అయినా బ్యాంకు గడప తొక్కలేని ఇంటికి ఈ ఖాతాకు బదులు ఇచ్చేది ఏదీ లేదు.

మరి ఆ కొట్టాయనకు అరువిచ్చే శక్తి ఎక్కడిది? టీచర్లు, ఆర్టీసీ డిపోలో పనిచేసేవాళ్లు, బ్యాంకు ఉద్యోగులు నెల మొదట్లో నగదు ఇచ్చి సరుకులు తీసుకుంటారు. ఆ డబ్బుతో డిస్ట్రిబ్యూటర్‌కు కట్టి, మళ్లీ సరుకు దించి, అందులోంచి మేస్త్రీకి అరువిస్తారు. జీతగాళ్లంతా మార్ట్‌కు మళ్లితే కొట్టులో మిగిలేది అరువు బేరాలే. అప్పుడు ఆయన కొట్టు మూయకపోయినా, ఖాతా పుస్తకం మాత్రం మూస్తారు. అంటే మార్ట్‌లో టీచరుగారికి మిగిలిన మూడు నాలుగు వందల భారం ఎక్కడో ఆ కూలి ఇంటి మీద పడుతుంది. టీచరుగారిది తప్పని అనను. ఆ డబ్బు ఆయనకూ అవసరమే. కానీ ఈ లింకు మనకు కనపడాలి. కొత్త దుకాణం వచ్చిందని లాభనష్టాలు లెక్కేసేటప్పుడు, ఏ పుస్తకంలోనూ చేరని ఈ నష్టాన్నీ కలపాలి.

షాంపూ సాచెట్ పుట్టింది మన పక్కనే.

తమిళనాడులోని కడలూరు నుంచి వచ్చి దేశమంతా పాకింది. అక్కడే 1983లో మొదలైన చిక్ షాంపూ పల్లెల్లోకి వెళ్లింది ఆ చిన్న పొట్లంతోనే. రోజు కూలి వచ్చాక ఆ రోజుకు సరిపడా కొనేవాళ్ల కోసం చేసిన ఏర్పాటది. మార్ట్ లాభం పెద్ద ప్యాకెట్‌లో, ‘రెండు కొంటే ఒకటి ఉచితం’లో ఉంటుంది. రెండు కొనే డబ్బు ఒక్కసారిగా చేతిలో లేనివాళ్లకు ఆ ఉచితం అందదు.

26 కిలోల బియ్యం బస్తా ఎందుకు పుట్టిందో తెలుసా?

2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి, లేబుల్ వేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జీఎస్టీ వేశారు. దాంతో మిల్లర్లు 26 కిలోల బస్తాలు దించారు. బస్తా విప్పి విడిగా తూచి ఇచ్చే సరుకుకు ఆ పన్ను లేదు. పన్ను విషయంలో చిన్న కొట్టుకు కాస్త మొగ్గు దొరికిన అరుదైన సందర్భమిది.

మార్ట్ వెళ్లిపోతే?

చెన్నైలో 1997లో మొదలైన సుభిక్ష దేశవ్యాప్తంగా సుమారు 1,600 దుకాణాలకు పెరిగింది. మన రాష్ట్రంలోనూ ఉండేవి. 2009లో ఒక్కసారిగా షట్టర్లు పడ్డాయి, ఉద్యోగులకు జీతాలు నిలిచిపోయాయి. హెరిటేజ్ ఫ్రెష్ దుకాణాలను 2016లో కొన్న ఫ్యూచర్ గ్రూపు కూడా నిలవలేదు. ఫ్యూచర్ రిటైల్ 2022లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కొట్టాయన నష్టపోతే ఊళ్లోనే ఉంటాడు, బాకీలు వసూలు చేసుకుంటాడు, మళ్లీ తెరుస్తాడు. కంపెనీకి అలాంటి కట్టుబాటు లేదు. అప్పటికే పక్క కొట్లు మూతపడి ఉంటే ఊరికి రెండూ పోయినట్టే.

దెబ్బ మార్ట్ ఉన్న ఊరి కన్నా పక్క ఊరికే ఎక్కువ.

అమెరికాలో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ ఆర్థికవేత్త కెన్నెత్ స్టోన్ వాల్‌మార్ట్ వచ్చిన చిన్న పట్టణాలను ఏళ్ల తరబడి పరిశీలించారు. వాల్‌మార్ట్ ఉన్న పట్టణంలో అది అమ్మని సరుకులు అమ్మే కొట్లు బాగుపడ్డాయి, జనం రాక పెరిగింది కాబట్టి. చుట్టుపక్కల చిన్న ఊళ్ల బేరాలు మాత్రం తరలిపోయాయి. ఇక్కడికి అన్వయించుకుంటే మార్కాపురం హోటళ్లకు, టైలర్లకు లాభం ఉండొచ్చు. తర్లుపాడు, కొనకనమిట్ల, పెద్దారవీడు కొట్లకు నష్టం. గిద్దలూరులో వస్తే రాచర్ల, కొమరోలు వైపు చూడాలి. ఆ పల్లెల కొట్లలో ఆడవాళ్లు నడిపేవి కొన్ని. 2020లో చేయూత పథకం కింద 45 నుంచి 60 ఏళ్ల ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ మహిళలకు ఏడాదికి 18,750 రూపాయల చొప్పున నాలుగేళ్లు ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. ఆ డబ్బుతో కిరాణా కొట్లు పెట్టుకునేలా హిందుస్థాన్ యూనిలీవర్, ఐటీసీ, పీ అండ్ జీలతో ఒప్పందాలూ చేసుకుంది. ప్రభుత్వ సొమ్ముతో నిలబెట్టిన కొట్ల గురించి ఇప్పుడు ఎవరూ ఆలోచించకపోవడం నాకు బాధగా ఉంది.

ఉద్యోగాలు వస్తాయంటారు, వస్తాయా?

వస్తాయి. వాల్‌మార్ట్ వచ్చిన ప్రాంతాల్లో తొలి ఏడాది సుమారు 100 ఉద్యోగాలు పెరిగి, తర్వాతి ఐదేళ్లలో ఇతర దుకాణాలు మూతపడటంతో అందులో సగం పోయాయని అమెరికా ఆర్థికవేత్త ఎమెక్ బాస్కర్ 2005లో లెక్క తేల్చారు. ఇంటర్, డిగ్రీ అయి ఇంట్లో ఉన్న మన ఆడపిల్లలకు ఆ మిగిలిన సగమైనా విలువైనదే. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కును చట్టంలో చేర్చాయి. మార్ట్‌కు వెళ్లినప్పుడు బిల్లు కొట్టే అమ్మాయి వెనకాల కుర్చీ ఉందో లేదో చూడండి. లేకపోతే మేనేజరును అడగండి.

దుకాణాన్ని ఆపే అధికారం ఊరికి ఉంటుందా?

అమెరికాలోని టల్సా నగరం 2018లో ఆ పని చేసింది. నగరం ఉత్తర భాగంలో డాలర్ జనరల్ లాంటి చవక దుకాణాలు కుప్పలుగా వచ్చి తాజా కూరగాయల కొట్లు నిలవలేకపోతున్నాయని, ఒకదానికొకటి మైలు దూరం ఉండాలని నిబంధన పెట్టింది. మన దగ్గర ట్రేడ్ లైసెన్సు ఇచ్చేది మున్సిపాలిటీ. నేను మార్ట్ వద్దనడం లేదు. లైసెన్సు ఇచ్చేవాళ్లు నాలుగు ప్రశ్నలైనా వేయాలంటున్నాను. మొదటిది, సరుకు ఎక్కడ కొంటారని.

మార్కాపురం పలక ఒకప్పుడు దేశమంతా బడిపిల్లల చేతుల్లో ఉండేది. ప్లాస్టిక్ పలకలు, నోటు పుస్తకాలు దాన్ని పక్కకు నెట్టాయి. కందికి ఆ గతి పట్టకూడదు. 2025-26కు కంది మద్దతు ధర క్వింటాలుకు 8,000 రూపాయలు, అంటే కిలో 80. అదే గింజ పప్పయి, ప్యాకెట్టయి మార్ట్ షెల్ఫ్‌లోకి వచ్చేసరికి ధర ఎంత పెరిగిందో మీరే చూడండి. ఆ పెరిగినదాంట్లో కొంతైనా ఇక్కడి పప్పు మిల్లుకు, ఇక్కడి రైతు సంఘానికి దక్కాలి. విదేశీ కంపెనీకి పెట్టిన 30 శాతం షరతు స్వదేశీ మార్ట్‌కు చట్టంలో లేకపోయినా, ఊరు అడగవచ్చు. మీ వార్డు కౌన్సిలరు ఎదురైతే ఈ ప్రశ్న అప్పజెప్పండి: మన ఊళ్లో మార్ట్ పెట్టేవాళ్లు కందిపప్పు ఎవరి దగ్గర కొంటారు, ఎన్ని రోజుల్లో డబ్బు కడతారు?